ఉనైజా ఖర్జూరం తోటలో మన కొబ్బరి పురుగు

"అన్నా, గీ చెట్టు కల్లు వాసన కొడ్తుంది. మా నాయన తాళ్ళు ఎక్కినోడు, నాకు తెల్వదా?"

పోయినేడు ఖర్జూరం కోతలు ముగిశాక ఒక శుక్రవారం పొద్దున్నే జగిత్యాల తమ్ముడొకడు ఫోన్ చేసి అన్న మాట ఇది. ఉనైజా శివార్లలో ఒక మజ్రాలో పని చేస్తాడు. (మజ్రా అంటే తోట. గల్ఫ్‌లో మనవాళ్ళు తెలుగు మాట్లాడేటప్పుడు కూడా మజ్రా అనే అంటారు.) నేను ఇదే ఊళ్ళో పన్నెండేళ్ళుగా ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పని చేస్తున్నాను. పుట్టింది అమలాపురం దగ్గర, కొబ్బరి చెట్ల కింద. కాబట్టి చెట్లకీ పురుగులకీ సంబంధించిన పంచాయితీలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటాయి.

వెళ్ళి చూశాను. మూడేళ్ళ మొక్క. మొదట్లో, నేలకి జానెడు ఎత్తున, బెరడు మీద గోధుమరంగు జిగురు కారుతోంది. దగ్గరికి వెళితే నిజంగానే పులిసిన కల్లు వాసన. తమ్ముడు కొడవలితో అక్కడ చెక్కితే పీచు ముద్దలా ఊడొచ్చింది. లోపల కాళ్ళు లేని, లావుపాటి, తెల్లటి గొంగళ్ళు నాలుగైదు. ఇంకాస్త లోపల పీచుతో చుట్టుకున్న గూడు ఒకటి. దాన్ని చీలిస్తే ఇటుక రంగు పురుగు బయటపడింది. పొడుగాటి ముక్కు, వీపు మీద నల్లటి చుక్కలు. నాకు చిన్నప్పటి నుంచి తెలిసినదే. మా ఊళ్ళో దీన్ని ఎర్రముక్కు పురుగు అంటారు.

అంతలో యజమాని వచ్చాడు. పురుగును చూశాడు, నన్ను చూశాడు. "హాదీ హిందియ్యా" అన్నాడు, ఇది మీ ఇండియాది అని. సగం నవ్వులాట, సగం నిజం. అరబ్బీలో దీన్ని ఎర్ర ఖర్జూర సూసా అంటారు, కొందరు దానికి 'హిందీ' అనే విశేషణం కూడా తగిలిస్తారు. నవ్వులాట అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు. చెట్టు పోయినందుకు కూలీ సరిగ్గా చూడలేదని, జీతంలో పట్టుకుంటానని తమ్ముడి మీదికి వెళ్ళాడు. అప్పుడు నేను పురుగు తరఫున కాకపోయినా పురుగు లెక్క తరఫున మాట్లాడవలసి వచ్చింది.

ఆ లెక్క ఇది. ఆడపురుగు చెట్టు గాయాల్లోనూ పిలకలు కోసిన చోటా గుడ్లు పెడుతుంది, తన జీవితంలో రెండు మూడు వందల దాకా. మూడు నాలుగు రోజుల్లో అవి పిల్లలవుతాయి. ఆ గొంగళి ఒకటి నుంచి మూడు నెలలు చెట్టు లోపలే తింటూ తిరుగుతుంది. తరువాత గూడు కట్టుకుని రెండు మూడు వారాలు ఉంటుంది. అంటే మా చేతికి గూడు దొరికిందంటే, గుడ్డు పెట్టి కనీసం నెలన్నర అయినట్టే. బయటకి జిగురు కారేనాటికి లోపల సగం పని అయిపోతుంది. ఇంకో సంగతి. ఆ వరుసలో పురుగు ఉన్నవన్నీ యజమాని ఈ మధ్య బయట నుంచి కొని తెచ్చి నాటిన పిలకలే. పాత చెట్లకి ఏమీ లేదు. పిలకలతో పాటు పురుగు వచ్చింది తప్ప కూలీ నిర్లక్ష్యం వల్ల కాదు. ఇదంతా నా వచ్చీరాని అరబ్బీలో చెప్పేసరికి అరగంట పట్టింది. యజమాని మంచివాడే, విన్నాడు. కానీ ఆ 'హిందియ్యా' మాట నన్ను వదల్లేదు. ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను.

* * *

శాస్త్రం పేరు రింకోఫోరస్ ఫెరుజీనియస్. ఒలివియే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1790లో ఆ పేరు పెట్టాడు. దీనికి దగ్గరి బంధువు ఒకటి ఉంది, రింకోఫోరస్ వల్నరేటస్. మొదటిది ఇటుక రంగు, మీద నల్ల చుక్కలు. రెండోది ఎక్కువగా నల్లగా ఉండి వీపు మీద ఒక ఎర్ర చార ఉంటుంది. వ్యాసం పొడుగునా ఈ లాటిన్ పేర్లతో మిమ్మల్ని విసిగించకుండా మొదటిదాన్ని ఎర్రముక్కు అని, రెండోదాన్ని ఎర్రచార అని పిలుస్తాను. (ఎర్రచార అన్నది నేను పెట్టుకున్న పేరు, మన రైతులకి దానితో పని పడలేదు.)

చిక్కేమిటంటే ఈ రంగులు నమ్మకస్తులు కావు. ఎర్రముక్కులోనూ నల్లనివి పుడతాయి. ఎర్రచారలోనూ ఎర్రదనం ఎక్కువైనవి ఉంటాయి. రెండింటి బతుకూ ఒకటే, తిండీ ఒకటే. 1993లో కెనడాలోని సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీ పరిశోధకులు ఇంకో విచిత్రం కనిపెట్టారు. మగపురుగు తోటివాళ్ళని పిలవడానికి వదిలే వాసన పదార్థం, ఫెరుజినాల్, రెండు జాతులకీ ఒకటే. ఇవాళ ఉనైజా తోటల్లో వేలాడే బకెట్లలో పెట్టే మందు అదే. ఇన్ని పోలికలున్నాక రెండు పేర్లెందుకని, 2004లో ఇవి ఒకే జాతి అని తీర్మానించేశారు. ఎర్రచార అన్న పేరు పుస్తకాల్లోంచి పోయింది.

ఆరేళ్ళు గడిచాయి. ఇప్పుడు కథ మీ అమెరికా వాళ్ళ పెరట్లోకి వస్తుంది.

2010లో లాస్ ఏంజెలెస్‌కి దక్షిణంగా ఉన్న లగూనా బీచ్‌లో ఒక ఇంటి ముందు కానరీ ఈతచెట్టు ఎండిపోతుంటే కొట్టించారు. లోపల ఈ పురుగు దొరికింది. నల్లటిది, ఎర్ర చారతో. అప్పటి పుస్తకం ప్రకారం రెండూ ఒకటే కాబట్టి, గల్ఫ్ తోటల్ని తిన్న పురుగు కాలిఫోర్నియాకి వచ్చేసిందని ప్రకటించారు. ఎంత గాభరా పడ్డారో ఊహించుకోవచ్చు. అక్కడికి కారులో రెండు గంటల దూరంలో కోచెల్లా లోయ ఉంది, అమెరికా ఖర్జూరంలో అధిక భాగం పండేది అక్కడే. ఊరంతా బకెట్లు కట్టారు, చెట్లు ఒక్కొక్కటీ తనిఖీ చేశారు, అనుమానం ఉన్నవి కొట్టేశారు, మందులు పెట్టారు. సుమారు పది లక్షల డాలర్లు ఖర్చయిందని తరువాత లెక్క కట్టారు. 2012 జనవరి తరువాత ఒక్క పురుగూ దొరకలేదు. మూడేళ్ళు ఆగి, 2015 జనవరిలో అమెరికా వ్యవసాయ శాఖ నిర్మూలన అయిందని ప్రకటించింది.

ఈలోగా, 2013లో, రివర్‌సైడ్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ బృందం రకరకాల దేశాల పురుగుల డీఎన్ఏ పోల్చి చూసి, 2004 నాటి తీర్మానం తప్పు, ఇవి రెండూ వేరు వేరు జాతులే అని తేల్చింది. లగూనా బీచ్‌లో దొరికింది ఎర్రముక్కు కాదు, ఎర్రచార. ఇండొనేషియాలోని బాలి పురుగులతో సరిపోయింది. ప్రపంచంలో వ్యాపించిన మిగతా పురుగు దాదాపుగా అంతా ఎర్రముక్కే. దాని పుట్టిల్లు ఆగ్నేయాసియా ప్రధాన భూభాగంలో పైభాగం, పడమటి భాగం. శ్రీలంక, ఫిలిప్పీన్స్ కూడా. అందులో మన దేశం ఉంది. ఎర్రచారది మలేషియా, ఇండొనేషియా వైపు. ఎల్లలు దాటి బయట కనబడింది ఆ ఒక్కసారే, కాలిఫోర్నియాలో.

బాలి పురుగు లగూనా బీచ్‌కి ఎలా చేరింది? ఇక్కడ ఒక అనుమానం ఉంది, ఆ పరిశోధకులే రాశారు. ఆగ్నేయాసియాలో చాలాచోట్ల ఈ గొంగళ్ళని ఇష్టంగా తింటారు. తినడానికి ఎవరైనా బతికున్నవి తెచ్చుకుని ఉండవచ్చునని. రుజువు లేదు. మన ఆవకాయ జాడీల్ని కస్టమ్స్ వాళ్ళు ఎందుకు అంత అనుమానంగా చూస్తారో మాత్రం నాకు కొంచెం అర్థమైంది.

* * *

ల్యాబ్‌లో పని చేసేవాడిగా నాకు ఇందులో ఆసక్తి ఎక్కడంటే, పేరు తప్పు పడినా వైద్యం సరిగ్గా జరిగింది. బకెట్‌లోని మందు రెండింటికీ పని చేస్తుంది కాబట్టి పురుగు చచ్చింది. ఇంకా చెప్పాలంటే, 'ఇది గల్ఫ్ రాక్షసి' అన్న తప్పు పేరు వల్లే అంత డబ్బు అంత త్వరగా కదిలిందేమో. 'ఇది బాలి పురుగు, ఇంతవరకూ ఎక్కడా వ్యాపించిన చరిత్ర లేదు' అని మొదటిరోజే తెలిసి ఉంటే ఆ హడావిడి జరిగేదా అని నా సందేహం.

అయితే పేరుతో పని లేదా? ఉంది. రేపు ఎక్కడి నుంచి వచ్చే సరుకుని ఆపాలో చెప్పేది పేరే. ఈజిప్టు ఈతచెట్లను చూడాలా, ఇండొనేషియా పెట్టెలను చూడాలా? 2008-09 ప్రాంతంలో కరీబియన్ ద్వీపాలు అరూబా, కురసావులకి చేరింది ఎర్రముక్కు, ఈజిప్టు నుంచి తెప్పించిన అలంకారపు చెట్లతో పాటు. అది వేరే దారి, ఇది వేరే దారి.

లగూనా బీచ్ గెలుపు చూసి ఎర్రచార మెత్తనిది, ఎర్రముక్కు మొండిది అనుకోవడం సులువు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ కానరీ దీవుల్లో 2005లో ఎర్రముక్కు దొరికితే, 2016లో అక్కడ నిర్మూలన ప్రకటించారు. మౌరిటానియాలో 2015లో ఒక ఒయాసిస్సులో కనిపిస్తే, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో రైతులే దాన్ని తుడిచిపెట్టారు. అదే ఎర్రముక్కు! మరోవైపు చూడండి. ఇదే వంశంలో మూడోది, దక్షిణ అమెరికా పురుగు రింకోఫోరస్ పామారమ్, మెక్సికో సరిహద్దు దాటి శాన్ డియెగోలోకి వచ్చింది. దాన్ని ఎవరూ ఆపలేకపోయారు. శాన్ డియెగో చుట్టుపక్కల ఉండే పాఠకులు రోడ్ల పక్కన గొడుగు విరిగిపోయినట్టు తల వాల్చేసిన కానరీ ఈతచెట్లు చూసే ఉంటారు, అవి దాని పనే. లగూనా బీచ్‌లో సముద్రం పక్కన ఒక చిన్న పేటలో పురుగు దొరికింది. శాన్ డియెగోలో సరిహద్దు పొడుగునా అలలా వచ్చింది. జాతి కంటే ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని దొరికాయన్నదే తేడా అని నా అభిప్రాయం.

ఇప్పుడు సౌదీ. ఇక్కడ ఎర్రముక్కు మొదట కనబడింది 1987లో, తూర్పు తీరాన ఖతీఫ్‌లో. అంతకు రెండేళ్ళ ముందే ఎమిరేట్స్‌లో చూశారు. ఖతీఫ్ నుంచి ఉనైజా రోడ్డు మీద ఏడెనిమిది వందల కిలోమీటర్లు, మధ్యలో చాలా భాగం ఇసుక. పురుగు బాగానే ఎగురుతుంది గానీ చెట్టు లేని అంత ఎడారిని సొంత రెక్కలతో దాటలేదు. లారీలో వచ్చింది, పిలకల్లో కూర్చుని.

ఖర్జూరం సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. మంచి రకం కావాలంటే గింజ నాటితే రాదు, తల్లి చెట్టు మొదట్లో వచ్చే పిలకను కోసి నాటాలి. ఉనైజా పేరు చెప్పగానే గుర్తొచ్చే సుక్కరీ రకం అలాగే పెరిగింది. సుక్కరీ తేనె రంగులో ఉంటుంది, నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో తెల్లవారుజామున ఇక్కడి వేలం చూడాలి, వరుసగా వందల బండ్లు, ఒక్కో బండి దగ్గర పాట పాడేవాళ్ళు. పక్కనున్న బురైదా మార్కెట్ ఇంకా పెద్దది. ఆ రకానికి గిరాకీ పెరిగే కొద్దీ పిలకలకీ గిరాకీ. పిలక కోసిన చోట తల్లికి గాయం, పిలకకీ గాయం. పురుగుకి రెండు తలుపులు తెరిచినట్టు. పిలకలను ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి తీసుకెళ్ళడానికి అనుమతి ఉండాలని నియమం ఉంది. నియమం ఉన్నచోట రాత్రిపూట ప్రయాణాలూ ఉంటాయి.

దీనికి పూర్తిగా ఎదురు కథ అమెరికాదే. ఇవాళ కాస్ట్‌కోలో మీరు కొనే మెజూల్ ఖర్జూరం మొరాకో నుంచి వచ్చింది. 1927లో 11 పిలకలు తెచ్చి, వాటిని నేరుగా కాలిఫోర్నియా తోటల్లోకి పోనీయకుండా నెవాడా ఎడారిలో ఒంటరిగా పెంచారు. తొమ్మిది బతికాయి. ఎనిమిది తొమ్మిదేళ్ళు అలా వేరుగా ఉంచి, ఆ తరువాతే కోచెల్లా లోయకి పంపారు. పదకొండు మొక్కల కోసం అంత ఓపిక! మూడు కోట్లకు పైగా ఖర్జూర చెట్లున్న దేశంలో, ఏటా వేలాది పిలకలు చేతులు మారే చోట ఆ ఓపిక ఆశించలేం, నాకూ తెలుసు. 2017 మార్చిలో రోమ్‌లో ఈ పురుగు మీదే ప్రత్యేకంగా అంతర్జాతీయ సమావేశం పెట్టినప్పుడు కూడా అందరూ వేలు చూపించింది ఈ మొక్కల రవాణా వైపే.

* * *

మన ఐటీ పాఠకులకు నచ్చే సంగతి ఒకటి. జెద్దా దగ్గరి కింగ్ అబ్దుల్లా సైన్స్ టెక్నాలజీ యూనివర్సిటీ వాళ్ళు 2020లో ఒక పద్ధతి ప్రచురించారు. ఫైబర్ ఆప్టిక్ తీగను చెట్టు నుంచి చెట్టుకి చుట్టుకుంటూ పోతారు. లోపల గొంగళి పీచు కొరికే సన్నటి చప్పుడుకి తీగలో వెలుతురు అతి స్వల్పంగా మారుతుంది, కంప్యూటర్ ఆ చప్పుడుని గుర్తుపడుతుంది. రెండు వారాలు నిండని గొంగళిని కూడా పట్టగలదట. ఒకే తీగతో పెద్ద తోట మొత్తాన్ని వినవచ్చునన్నది ఆలోచన. నాకు చాలా ముచ్చటేసింది. అదే సమయంలో మా జగిత్యాల తమ్ముడి ముక్కు గుర్తొచ్చింది. తీగ ఇంకా అన్ని తోటలకీ రాలేదు. ఆ లోపల చెట్టు దగ్గర రోజూ నిలబడేది, మొదట్లో పిలకలు కోసేది, మట్టలు నరికేది, పరాగం చల్లడానికి మార్చిలో పైకి ఎక్కేది మనవాళ్ళూ, బంగ్లాదేశ్ వాళ్ళూ, ఈజిప్టు వాళ్ళూ. చాలా తోటల యజమానులు ఊళ్ళో ఉంటారు, వారాంతానికి వస్తారు. పురుగుని మొదట చూసేది కూలీయే.

కానీ చూసిన వెంటనే చెబుతాడా? చెబితే ఏమవుతుందో పైన రాశాను. 2021 మార్చిలో సౌదీ ప్రభుత్వం యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వెసులుబాటు కల్పించినప్పుడు, ఇంటి పనివాళ్ళతో పాటు తోట కూలీలను కూడా దానిలోంచి బయట ఉంచారు. కాబట్టి చెట్టు పోయిన కోపం తగ్గేదాకా ఆ కఫీల్ కిందే ఉండాలి. అలాంటివాడు జిగురు కారుతున్న చోట గుప్పెడు మట్టి మెత్తి ఊరుకుంటే నేనతన్ని తప్పు పట్టలేను. మౌరిటానియాలో రైతు తన చెట్టు కోసం తనే వెతికాడు. ఇక్కడ వెతకవలసినవాడికి చెట్టు లేదు, భయం ఉంది. పురుగు మీద ఇన్ని పరిశోధనలు చదివాను గానీ ఈ సంగతి రాసినవాళ్ళు నాకు ఎక్కువ కనబడలేదు.

మందు సంగతి కూడా చెప్పాలి. పురుగు పట్టిన చెట్టులో కన్నాలు చేసి అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు పెట్టి మూసేయడం పాత పద్ధతి. తేమ తగిలితే వాటి నుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు పురుగునే కాదు, మనిషినీ చంపుతుంది, దానికి విరుగుడు లేదు. ఆ డబ్బాని పడుకునే గదిలో, బియ్యం సంచి పక్కన పెట్టుకున్నవాళ్ళని నేను చూశాను. మీ బంధువులెవరైనా గల్ఫ్‌లో మజ్రా పనిలో ఉంటే ఫోన్‌లో ఈ ఒక్కటి అడగండి, డబ్బా ఎక్కడ పెట్టావని.

మరి మన కోనసీమలో ఈ పురుగు ఎందుకింత గొడవ చేయదు? చేస్తుంది, లేత కొబ్బరి చెట్లను చంపుతుంది. కానీ అక్కడ అది కొత్తది కాదు. మా నాన్నగారు చెట్టెక్కేవాళ్ళకి పచ్చి మట్టని మొదలంటా నరకవద్దని, మూడు నాలుగు అడుగుల మొద్దు వదలమని చెప్పేవారు. కాండానికి మెట్లు కొడితే ఊరుకునేవారు కాదు. మొవ్వులో ఇసుకా వేపపిండీ కలిపి పోయించేవారు. అది కొమ్ము పురుగు కోసం. కొమ్ము పురుగు చేసిన గాయంలోనే ఎర్రముక్కు గుడ్లు పెడుతుంది కాబట్టి ఒక దెబ్బకి రెండు. ఈ జాగ్రత్తలు చెప్పినవాడూ, చెట్టు సొంతదారూ ఒకరే కావడం తేడా. ఇంకోటి, ఖర్జూరం దాని అసలు తిండి కాదు. కొబ్బరి మీద, మన తాటి ఈత చెట్ల మీద బతికిన పురుగు, డ్రిప్ నీళ్ళతో మైళ్ళ పొడుగునా ఒకే రకం లేత చెట్లు నాటిన చోటికి వచ్చేసరికి పండగ చేసుకుంది.

అంటే యజమాని అన్న 'హిందియ్యా' నిజమా? పుట్టిల్లు మనవైపు అన్నది నిజం. డీఎన్ఏ చూసినవాళ్ళు ఇది ఒకటి కంటే ఎక్కువసార్లు, వేరు వేరు చోట్ల నుంచి బయటకి వచ్చిందని చెబుతున్నారు. అది తనంతట తాను రాలేదు, చెట్లు కొన్నవాళ్ళు తెచ్చుకున్నారు. ఇది నేను యజమానికి చెప్పాను. "మరి నువ్వెలా వచ్చావు?" అన్నాడు నవ్వుతూ. నేనూ అలాగే, వీసా ఇచ్చి తెచ్చుకున్నారన్నాను.

జీతం కోత ఆగింది. పురుగు పట్టిన నాలుగు మొక్కల్ని పీకి కాల్చేశారు. తోటలో ఇప్పుడు మూడు బకెట్లు ఉన్నాయి. ఖర్జూరం పండ్లు, నీళ్ళు, పైన వేలాడే మందు పొట్లం. నీళ్ళు ఎండిపోకుండా చూడడం తమ్ముడి పని. మగపురుగు ముక్కు మీద మీసంలా రోమాలుంటాయని చూపించాను, అది అతనికి బాగా నచ్చింది. పదిహేను రోజులకోసారి వాట్సాప్‌లో బకెట్ ఫోటో పంపుతాడు. పోయిన వారం పదకొండు పడ్డాయి. "మీసాలున్నయి నాలుగే అన్నా, తతిమ్మావన్నీ ఆడయే" అని రాశాడు.